గోల్ఫ్ సిమ్యులేటర్‌కు ఏ గ్రాఫిక్స్ కార్డు? ముందు ప్రొజెక్టర్ సంగతి తేల్చండి

ఇంట్లో గోల్ఫ్ సిమ్యులేటర్ (తెర మీదికి నిజం బంతి కొట్టి, ప్రొజెక్టర్ చూపే గోల్ఫ్ మైదానంలో, అంటే కోర్సులో, ఆడే ఏర్పాటు) పెట్టుకుందామని గది కొలతలు తీయడం మొదలుపెట్టినవాళ్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: “ఏ గ్రాఫిక్స్ కార్డు వేయించమంటారు?” నేను ఎదురు అడిగేదీ ఒకటే: “ప్రొజెక్టర్ ఏది?” మాట దాటేస్తున్నాననుకుంటారు. నిజానికి సగం జవాబు అక్కడే ఉంది. కార్డు ఎంత అందంగా గీసినా, ప్రొజెక్టర్ చూపించలేని పిక్సెల్స్ తెర దాకా రావు. కనిపించని వాటికి డబ్బు పోసి, కనిపించే వాటి దగ్గర కక్కుర్తి పడిన సెటప్‌లు చాలానే చూశాను. వాటిలో మొదటిది నాదే.

కార్డు ఖరీదైనది, ప్రొజెక్టర్ మాత్రం పాత 1080పీ, అంటే 1920×1080 పిక్సెల్స్‌ది. దాన్ని గదిలో ఓ మూలకు బిగించాను. బొమ్మ వంకరపోతుంటే డిజిటల్ కీస్టోన్‌తో సరిచేసి మురిసిపోయాను. కీస్టోన్ అంటే బొమ్మను ప్యానెల్ లోపలే కుదించి, మిగిలిన పిక్సెల్స్‌ను నల్లగా వదిలేయడం. ఉన్న కాసిని పిక్సెల్స్‌లోనూ కొన్నింటిని అలా చేజేతులా పారేసుకుని, గడ్డి మసకగా ఉందేంటని కార్డు సెట్టింగ్స్‌లో వారం రోజులు వెతికాను. చివరికి ప్రొజెక్టర్‌ను తెరకు ఎదురుగా మధ్యలో బిగించాక గానీ గడ్డి గడ్డిలా కనిపించలేదు.

## కార్డు చేసే పని, చేయని పని

బంతి వేగం, లేచిన కోణం, స్పిన్ వంటివి కొలిచేది లాంచ్ మానిటర్. ఆ అంకెలు పట్టుకుని బంతి ఎంత దూరం పోవాలో, ఎటు వంగాలో లెక్కేసేది సాఫ్ట్‌వేర్. ఆ లెక్క ప్రాసెసర్ పని. దాన్ని బొమ్మగా గీయడం వరకే గ్రాఫిక్స్ కార్డు బాధ్యత. కార్డు మార్చినంత మాత్రాన మీ 7-ఐరన్ క్లబ్ షాట్ పది గజాలు ఎక్కువ పోదు, స్లైస్ (బంతి పక్కకు వంగిపోవడం) తగ్గదు.

ఆలస్యం సంగతీ అంతే. డ్రైవర్ క్లబ్‌తో గట్టిగా కొట్టిన బంతి సెకనుకు 65 మీటర్ల వేగంతో పోతుందనుకుంటే, మూడు మీటర్ల దూరంలో ఉన్న తెరకు సెకనులో ఇరవయ్యో వంతులో తగులుతుంది. ఆలోపు 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 ఫ్రేములు (బొమ్మలు) వేసే ప్రొజెక్టర్ చూపించేది మూడు ఫ్రేములే. తెర మీద బంతి ఆలస్యంగా లేస్తోందంటే, ఎక్కువసార్లు అది లాంచ్ మానిటర్ కొలతలు తేల్చుకోవడానికీ, అవి వైఫైలోనో కేబుల్‌లోనో కంప్యూటర్‌కు చేరడానికీ పట్టే సమయం. దానికి పెద్ద కార్డు మందు కాదు.

ఒక్క మినహాయింపు ఉంది. సీలింగ్‌కు బిగించే కెమెరా సిస్టమ్స్‌లో కొన్ని, తీసిన ఫొటోలను కంప్యూటర్‌కే పంపి అక్కడే లెక్క వేయిస్తాయి. స్వింగ్ కెమెరాలు కూడా పెడితే ఆ భారం ఇంకా పెరుగుతుంది. అలాంటివి కొంటే, తయారీదారు ఇచ్చిన కంప్యూటర్ స్పెసిఫికేషన్ల జాబితాయే మీకు శాసనం. నేను కింద చెప్పే సలహాలన్నీ ఆ తర్వాతే.

## కొనేముందు తేల్చుకోవాల్సినవి

ప్రొజెక్టర్ అసలు రిజల్యూషన్. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్నది వదిలేసి, స్పెసిఫికేషన్లలో “నేటివ్ రిజల్యూషన్” అన్న వరుస చూడండి. “4కే సపోర్ట్” (4కే అంటే 3840×2160) అని రాసి, లోపల 1080పీ ప్యానెలే ఉన్నవి ఎన్నో. అవి 4కే సిగ్నల్ తీసుకుని కుదించి చూపిస్తాయి. మీది అలాంటిదైతే విండోస్‌లో 1080పీ పెట్టేయండి, కార్డు మీద భారం నాలుగో వంతుకు పడిపోతుంది. బొమ్మలో తేడా దాదాపు తెలియదు.

దీనికీ, డీఎల్‌పీ (చిన్న అద్దాల చిప్‌తో బొమ్మ వేసే) 4కే ప్రొజెక్టర్లకూ తేడా ఉంది. వాటిలో చాలావాటి లోపల 0.47 అంగుళాల చిప్ ఉంటుంది. దాని మీద అద్దాలు 1920×1080 మాత్రమే. ఒక్కో అద్దం ఇచ్చే చుక్కను అతివేగంగా నాలుగు చోట్లకు జరిపి 4కే బొమ్మ తయారుచేస్తాయి. ఇది మోసం కాదు, ఆ వివరం కంటికి నిజంగానే అందుతుంది. కాబట్టి కార్డు కూడా పూర్తి 4కే గీయాల్సిందే.

4కే నిజంగా అవసరమా? కాగితం మీద లెక్క వేసి చూడండి. 12 అడుగుల వెడల్పు తెర మీద 1080పీలో ఒక్కో పిక్సెల్ సుమారు 1.9 మిల్లీమీటర్లు, 4కేలో 0.95. పది అడుగుల దూరంలో నిలబడ్డ మామూలు కన్ను వేరుచేసి చూడగలిగేది సుమారు 0.9 మిల్లీమీటర్లు. అంటే ఆ తెర మీద 1080పీ గళ్లు కనిపిస్తాయి, 4కే గళ్లు కనిపించీ కనిపించనట్టు ఉంటాయి. తెర పెద్దదై, మీరు దానికి దగ్గరగా నిలబడేవాళ్లైతే 4కేకి పెట్టిన డబ్బు దండగ కాదు. తెర 9 అడుగులైతే తేడా బాగా తగ్గుతుంది. పైగా బంతి దెబ్బలు తినే ఇంపాక్ట్ స్క్రీన్ గోడలా నునుపుగా ఉండదు. దాని నేత, వందల దెబ్బలు తిన్న చోట పడే గుంటలు కలిసి సన్న వివరాన్ని కొంత మింగేస్తాయి.

తెర ఆకారం. వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ ఉన్న గదిలో 4:3 తెర బాగా కుదురుతుంది. 16:9 ప్రొజెక్టర్‌తో దాన్ని నింపాలంటే కార్డు కంట్రోల్ ప్యానెల్‌లో 1440×1080 అని కస్టమ్ రిజల్యూషన్ పెట్టి, స్కేలింగ్ ఆపేయాలి. పక్కల మిగిలే నల్ల పట్టీలు సైడ్ కర్టెన్ల మీద పడి కలిసిపోతాయి. 4కే అయితే 2880×2160. రెండు సందర్భాల్లోనూ కార్డు గీసేది నాలుగింట మూడు వంతులే. 4:3 తెరవాళ్లకు ఇది ఊరికే దొరికే లాభం, చాలామంది లెక్కలోకి తీసుకోరు.

సాఫ్ట్‌వేర్. జీఎస్‌ప్రో అనే సిమ్యులేటర్ సాఫ్ట్‌వేర్ యూనిటీ గేమ్ ఇంజిన్ మీద నడుస్తుంది, విండోస్‌లో మాత్రమే. దాని కోర్సుల్ని ఎక్కువగా ఆటగాళ్లే తయారుచేస్తారు, లైడార్ (లేజర్‌తో నేలను కొలిచే పద్ధతి) కొలతలు తీసుకుని నిజమైన కోర్సుల ఎత్తుపల్లాలు దించేస్తారు. ఒకరు చేసిన కోర్సు తేలిగ్గా ఉంటుంది, ఇంకొకరు చెట్టుకు చెట్టు పెట్టి అడవి చేసేస్తారు. “నా కార్డు జీఎస్‌ప్రోకి సరిపోతుందా” అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేకపోవడానికి కారణం ఇదే. టీజీసీ 2019 పాతది, మధ్యరకం కార్డు మీద హాయిగా నడుస్తుంది. ఈ6 కనెక్ట్‌కు ఐప్యాడ్ వెర్షన్ కూడా ఉంది. ఆసమ్ గోల్ఫ్ ఫోన్లు, ట్యాబ్లెట్లలోనూ నడుస్తుంది.

గది వెలుతురు, వేడి. కెమెరా లాంచ్ మానిటర్ ఉన్నవాళ్లు, స్వింగ్ వీడియో తీసుకునేవాళ్లు గదిలో లైట్లు వేసుకునే ఆడతారు. లైటు పడ్డ తెర మీద నలుపు బూడిద రంగైపోతుంది. చెట్టు నీడల్లో సన్నని తేడాలు, ఆకుల మధ్య చీకట్లు కనిపించకుండా పోతాయి. వాటికోసం కార్డు పడే శ్రమ వృథా. ఇక కంప్యూటర్ ఉండేది మూసిన గదిలో, బంతి కొట్టే మ్యాట్ నుంచి రాలే నూగు మధ్యలో. 300 వాట్ల కార్డు అక్కడ గంటసేపు తిరిగితే చిన్న హీటర్ పెట్టుకున్నట్టే.

## ఎంపికలు ఒక్కొక్కటిగా

మొదట అంకెలు. వీర్యామ్ అంటే కార్డులోనే ఉండే మెమరీ, టెక్స్చర్స్ అంటే చెట్లు, గడ్డి వంటివాటి మీద అతికించే బొమ్మలు, 1200పీ అంటే 1920×1200. ఇందులో కరెంటు అన్నది తయారీ సంస్థ ఆ చిప్‌కు ప్రకటించిన వాట్లు. కార్డు చేసే కంపెనీని బట్టి కొద్దిగా పెరగొచ్చు.

| కార్డు | వీర్యామ్ | కరెంటు | నేను ఏ తెరకు వాడతాను |
|---|---|---|---|
| ఆర్‌టీఎక్స్ 4060 | 8 జీబీ | 115 వాట్లు | 1080పీ, 1200పీ |
| ఆర్‌టీఎక్స్ 3060 | 12 జీబీ | 170 వాట్లు | 1080పీ, 1200పీ, టెక్స్చర్స్ పూర్తిగా |
| ఇంటెల్ ఆర్క్ బీ580 | 12 జీబీ | 190 వాట్లు | 1080పీ, 1200పీ, కొత్త మదర్‌బోర్డు ఉంటేనే |
| ఆర్‌టీఎక్స్ 5060 టీఐ | 16 జీబీ రకం | 180 వాట్లు | 1080పీ నిశ్చింతగా, 4కే సెట్టింగ్స్ తగ్గించి |
| ఆర్‌టీఎక్స్ 4070 | 12 జీబీ | 200 వాట్లు | 4కే మొదటి మెట్టు |
| ఆర్‌టీఎక్స్ 5070 | 12 జీబీ | 250 వాట్లు | 4కే |
| ఆర్ఎక్స్ 9070 | 16 జీబీ | 220 వాట్లు | 4కే |
| ఆర్‌టీఎక్స్ 5070 టీఐ | 16 జీబీ | 300 వాట్లు | 4కే, భారీ కోర్సులు |
| ఆర్‌టీఎక్స్ 5090 | 32 జీబీ | 575 వాట్లు | గోల్ఫ్ కోసమే అయితే వద్దు |

### విడి కార్డు లేకుండా

మీ ఆట రేంజ్ (ఒకే చోట నిలబడి బంతులు కొట్టుకునే ప్రాక్టీస్ మైదానం) మీద అంకెలు చూసుకుంటూ ప్రాక్టీస్ చేయడమే అయితే కంప్యూటరే అక్కర్లేదు. ట్యాబ్లెట్‌ను అడాప్టర్‌తో ప్రొజెక్టర్‌కు తగిలిస్తే సరి. ఐప్యాడ్ బొమ్మను అలాగే చూపిస్తే అది 4:3కి దగ్గరగా వస్తుంది, సన్న గదుల్లో అదీ కలిసొస్తుంది. ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ (ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న గ్రాఫిక్స్ చిప్) ఉన్న మామూలు కంప్యూటర్ రేంజ్ వరకు లాగించేస్తుంది. చెట్లున్న కోర్సు తెరిచారంటే మాత్రం నీళ్లు నములుతుంది. లాంచ్ మానిటర్ కొత్తగా కొన్నవాళ్లకు నా సలహా, ఒకటి రెండు నెలలు ఇలాగే ఆడండి. మీరు కోర్సులు ఆడే మనిషా, బకెట్ బంతులు కొట్టే మనిషా అన్నది అప్పటికి తేలిపోతుంది.

### గేమింగ్ ల్యాప్‌టాప్

ఇంట్లో ఇప్పటికే ఉంటే వాడేయండి. సిమ్యులేటర్ కోసమే కొత్తగా కొనాలంటే మాత్రం నేను వద్దంటాను. కారణం పేర్లలో ఉంది. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4070లో 12 జీబీ మెమరీ, అదే పేరున్న ల్యాప్‌టాప్ చిప్‌లో 8 జీబీ. 5070దీ ఇదే వరస. చిప్ పేరు ఒకటే అయినా దానికి ఎన్ని వాట్లు ఇవ్వాలన్నది ల్యాప్‌టాప్ కంపెనీ ఇష్టం. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్ 35 వాట్ల నుంచి 115 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. సన్నగా, ముచ్చటగా ఉన్న ల్యాప్‌టాప్‌లో సాధారణంగా తక్కువ వాట్లే ఉంటాయి.

ఇంకో చిక్కు, కొన్ని ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కు కలిపి ఉంటుంది. అప్పుడు పెద్ద చిప్ గీసిన బొమ్మ చిన్నదాని గుండా బయటికి రావాలి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోని గ్రాఫిక్స్ పేజీలో మీ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకుని “హై పెర్ఫార్మెన్స్” పెట్టడం మరిచిపోతే పెద్ద చిప్ అసలు నిద్రే లేవకపోవచ్చు. ఛార్జర్ పెట్టకుండా ఆడి, నెమ్మదిగా ఉందని తిట్టుకునేవాళ్లకు చెప్పేదేమీ లేదు.

గదిని వేరే పనులకూ వాడుకుంటూ, ఆట అయ్యాక అన్నీ సర్దేసేవాళ్లకు మాత్రం ల్యాప్‌టాపే సుఖం. 1080పీ ప్రొజెక్టర్‌తో ఆ జోడీ బాగా కుదురుతుంది.

### 1080పీ, 1200పీ తెరకు డెస్క్‌టాప్ కార్డు

ఇళ్లలో సిమ్యులేటర్ పెట్టుకునే ఎక్కువమందికి ఇదే చాలు. 1920×1080లో కార్డు ఒక్కో ఫ్రేముకు గీయాల్సింది సుమారు 20.7 లక్షల పిక్సెల్స్, 1920×1200లో 23 లక్షలు. రెండింటి మధ్య తేడాకు కార్డు మార్చాల్సిన పనిలేదు.

ఇక్కడ అసలు పోటీ వేగం మీద కంటే మెమరీ మీద. ఆర్‌టీఎక్స్ 4060 కొత్తది, చల్లగా ఉంటుంది, 115 వాట్లతో గడిచిపోతుంది. కానీ 8 జీబీ. ఆర్‌టీఎక్స్ 3060 2021 నాటిది, వేగంలో వెనకే, కానీ 12 జీబీ. తేలికపాటి కోర్సుల్లో 4060 ముందుంటుంది. ఒక్కో చెట్టుకూ పెద్ద టెక్స్చర్స్ పెట్టిన కోర్సు తెరిస్తే 8 జీబీ నిండిపోతుంది, మిగిలింది కంప్యూటర్ మెమరీలోకి పొర్లుతుంది. బంతి వెనక కెమెరా ఎగిరేటప్పుడు చటుక్కున ఆగి కదలడం అప్పుడే మొదలవుతుంది. 4060 మదర్‌బోర్డుతో మాట్లాడేది 8 లేన్ల (డేటా దారుల) మీదే, కాబట్టి పీసీఐఈ 3.0 (పాత తరం కార్డు స్లాట్) ఉన్న పాత బోర్డు మీద ఈ కుదుపు ఇంకా ఎక్కువ. పాత కంప్యూటర్‌లో వేసేవాళ్లు 12 జీబీ వైపు మొగ్గండి. కొత్తగా కట్టించుకునేవాళ్లు 16 జీబీ 5060 టీఐ తీసుకుంటే ఈ బెడద ఉండదు. అదే పేరుతో 8 జీబీ రకం కూడా అమ్ముతారు, బిల్లు మీద చూసుకోండి.

ఇంటెల్ బీ580కి రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ అంతటినీ ఒకేసారి అందుకునే వీలు) అన్న సదుపాయం బోర్డులో ఉండి తీరాలి. లేకపోతే వేగం బాగా పడిపోతుంది. ఏఎండీ కార్డులు గీయడంలో ఎవరికీ తీసిపోవు. లాంచ్ మానిటర్ కంపెనీల జాబితాల్లో ఎన్విడియా పేర్లే ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి, ఏదైనా తేడా వస్తే సపోర్ట్ వాళ్లతో వాదన పడే ఓపిక లేనివాళ్లు ఎన్విడియా తీసుకుంటే గొడవ ఉండదు.

ఆఫీసుల్లో వాడి అమ్మేసే చిన్న కంప్యూటర్ తెచ్చి అందులో కార్డు వేద్దామనుకునేవాళ్లు ముందు మూత తీసి చూడండి. వాటిలో చాలావాటి పవర్ సప్లై చిన్నది. కార్డుకిచ్చే 8 పిన్ల వైరు ఉండదు, పెట్టెలో పొడవూ చాలదు.

### 4కే తెరకు

3840×2160 అంటే 82.9 లక్షల పిక్సెల్స్, 1080పీకి సరిగ్గా నాలుగింతలు. ఇక్కడ మధ్యతరహా కార్డు ముక్కుతూ మూలుగుతూ నడుస్తుంది. ఆర్‌టీఎక్స్ 4070 లేదా 5070, ఏఎండీలో ఆర్ఎక్స్ 9070, వీటితో మొదలుపెట్టండి. 12 జీబీకీ 16 జీబీకీ మధ్య ఊగిసలాడుతుంటే నేను 16 వైపే ఉంటాను. కోర్సులు చేసేవాళ్లు ఏటేటా ఇంకా వివరం నింపుతున్నారు, కార్డులో మెమరీని తర్వాత పెంచుకునే వీలు లేదు.

సెకనుకు 60 ఫ్రేములు దాటి ఎంత వచ్చినా ఇక్కడ ఉపయోగం లేదు. సిమ్యులేటర్లకు వాడే 4కే ప్రొజెక్టర్లలో ఎక్కువ భాగం 4కేలో 60 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతాయి. 140 ఫ్రేములు గీసే కార్డు కొంటే, వాటిలో 80 చెత్తబుట్టలోకి.

### పైమెట్టు కార్డులు

ఆ గదిలోనే వేరే గేమ్‌లు ఆడేవాళ్లు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు, ఎదురుగా ఒకటీ పక్కల రెండూ కలిపి మూడు తెరలు పెట్టేవాళ్లు వీటి గురించి ఆలోచించవచ్చు. మిగతావాళ్లు ఆ డబ్బు ప్రొజెక్టర్ వెలుగు మీద పెట్టండి, మ్యాట్ మీద పెట్టండి. మణికట్టు మీకు కృతజ్ఞతలు చెబుతుంది.

### పాత కార్డు చేతిలో ఉంటే

జీటీఎక్స్ 1080 లాంటి 8 జీబీ కార్డు ఉన్నవాళ్లు 1080పీకి కొత్తది కొనక్కర్లేదు. సెట్టింగ్స్ కాస్త తగ్గిస్తే చాలు. అయితే ఆ తరం కార్డులకు ఎన్విడియా 580 డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) సిరీసే చివరిది, ఆ పైన వచ్చేవి భద్రతా సవరణలే. ఉన్నది వాడుకోవడం వేరు, ఈ రోజున పాతది వెతికి కొనడం వేరు. రెండోది చేయకండి.

## సెట్టింగ్స్: ఏది ముందు తగ్గించాలి

అన్నీ “అల్ట్రా”కి లాగేసి, నడవకపోతే అన్నీ “లో”కి దించేయడం మామూలుగా అందరూ చేసే పని. గోల్ఫ్‌లో కెమెరా ఎక్కడుంటుందో ఆలోచిస్తే అంత చేయక్కర్లేదు. టీ (హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గర అది ఎత్తులో ఉండి దూరం చూస్తుంది. రఫ్‌లో (పొడవు గడ్డిలో) బంతి పడ్డప్పుడు నేలకు ఆనుకుని ఉంటుంది. ముందు గడ్డి పరకలు ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా నిలబడతాయి, కార్డు అవన్నీ మళ్లీ మళ్లీ గీయాలి. ఫ్రేములు పడిపోయేది ఎక్కువగా అక్కడే. అందుకని మొదట గడ్డి ఒత్తు, గడ్డి కనిపించే దూరం తగ్గించండి. “హై” నుంచి “మీడియం”కి దించితే కొట్టే మనిషికి తేడా తెలియదు, కార్డుకు బాగా తెలుస్తుంది.

తర్వాత నీడలు. పూర్తిగా తీసేస్తే జెండా ఉండే గ్రీన్ బల్లపరుపుగా కనబడి వాలు అందదు, కాబట్టి మీడియం దగ్గర ఆపండి. లైట్లు వేసుకుని ఆడేవాళ్లు యాంబియంట్ అక్లూజన్ (మూలల్లో, సందుల్లో పడే మెత్తని నీడలు) నిశ్చింతగా ఆపేయొచ్చు. నీటి ప్రతిబింబాలు చెరువున్న హోల్ దగ్గరే ఖర్చు, అక్కడ కుదుపు వస్తే తగ్గించండి. టెక్స్చర్స్ మాత్రం వీర్యామ్‌లో చోటున్నంత వరకు తగ్గించవద్దు. మెమరీ చాలినప్పుడు వాటివల్ల వేగం పెద్దగా పోదు.

యాంటీ ఎలియాసింగ్ (గీతల అంచుల్లో మెట్లను, మినుకులను నునుపు చేసే సెట్టింగ్) గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 150 గజాల దూరంలో ఉన్న జెండా కర్రను తీసుకోండి. కర్ర ఎత్తు 7 అడుగులు, మందం సుమారు 2 సెంటీమీటర్లు. తెర మీద నిలువు దృష్టికోణం 40 డిగ్రీలు అనుకుంటే 1080పీలో ఆ కర్ర ఎత్తు సుమారు 23 పిక్సెల్స్, మందం పావు పిక్సెల్ కూడా ఉండదు. 4కేలో ఎత్తు సుమారు 46, మందం అర పిక్సెల్ లోపే. అంటే కర్ర కనిపించడం, మెరిసి మాయమవడం అన్నది పూర్తిగా యాంటీ ఎలియాసింగ్ దయ. దీన్ని పూర్తిగా ఆపి మిగతావి అల్ట్రాలో పెట్టుకోవడం తెలివైన పని కాదు. టీఏఏ రకం (వరుస ఫ్రేములను కలిపి నునుపు చేసేది) కర్రను నిలకడగా చూపిస్తుంది, కానీ వేగంగా పోయే చిన్న తెల్లటి బంతి వెనక తోకలా మసక వదిలే అవకాశం ఉంది. మీ సాఫ్ట్‌వేర్‌లో రెండు మూడు రకాలుంటే, ఒకే హోల్‌లో ఒకే షాట్ రీప్లే పెట్టి బంతి వైపు చూసి ఎంచుకోండి.

వీ-సింక్ (కార్డు ఫ్రేములను ప్రొజెక్టర్ వేగానికి సరిపెట్టే సెట్టింగ్) ఆన్ చేయండి. ప్రొజెక్టర్లలో వేరియబుల్ రిఫ్రెష్ (కార్డును బట్టి తన వేగం మార్చుకోవడం) ఉన్నవి అరుదు. వీ-సింక్ లేకపోతే కెమెరా పక్కకు తిరిగినప్పుడు చెట్లు అడ్డంగా చీలిపోతాయి. పోటీ షూటింగ్ గేమ్‌లో దానివల్ల వచ్చే ఆలస్యం ఇబ్బంది గానీ, ఇక్కడ కాదు. ఫ్రేములకు 60 దగ్గర హద్దు పెడితే కార్డు చల్లబడుతుంది, ఫ్యాన్ మోత తగ్గుతుంది. పుట్ కొట్టేటప్పుడు ఆ నిశ్శబ్దం విలువ తెలుస్తుంది.

4కే ప్రొజెక్టర్ కొనేసి కార్డు దగ్గర డబ్బు అయిపోయినవాళ్లకు ఒక దారుంది. సాఫ్ట్‌వేర్‌లో డీఎల్ఎస్ఎస్ లేదా ఎఫ్ఎస్ఆర్ (తక్కువ పిక్సెల్స్ గీసి బొమ్మను పెద్దది చేసే పద్ధతులు) ఉంటే “క్వాలిటీ” మోడ్ పెట్టండి. లేకపోతే డ్రైవర్‌లోనే ఉండే స్కేలింగ్ వాడుకోవచ్చు. 2560×1440లో గీయించి 4కేకి సాగదీస్తే పిక్సెల్స్ 36.9 లక్షలకు దిగుతాయి, సగం కన్నా తక్కువ. పది అడుగుల నుంచి చూస్తే నాకు 1080పీ కన్నా ఇది స్పష్టంగా మేలనిపించింది. ఫ్రేమ్ జనరేషన్ (మధ్యమధ్యలో కల్పిత ఫ్రేములు చేర్చడం) జోలికి మాత్రం వెళ్లకండి. 60 హెర్ట్జ్ తెర మీద అది ఒరగబెట్టేదేమీ లేదు.

## ఎలా పరీక్షించాలి

మీ దగ్గరున్న వాటిలో అత్యంత బరువైన కోర్సు తెరిచి, చెట్లూ నీళ్లూ రెండూ ఉన్న హోల్ ఎంచుకోండి. టీ నుంచి ఒకటి, కావాలని రఫ్‌లోకి ఒకటి, గ్రీన్ మీద నుంచి ఒకటి కొట్టండి. విండోస్ బటన్‌తో పాటు జీ నొక్కితే వచ్చే గేమ్ బార్‌లో ఫ్రేములు, టాస్క్ మేనేజర్‌లో కార్డు వాడకం, మెమరీ వాడకం కనిపిస్తాయి. సగటు చూసి మురిసిపోకండి, రఫ్‌లో ఎంతకు పడిందో చూడండి. 60 రాకపోయినా కార్డు వాడకం 60 శాతం దగ్గరే ఉంటే, ఆగిపోతున్నది ప్రాసెసర్. అప్పుడు కొత్త కార్డు కొన్నా ప్రయోజనం లేదు. వాడకం 99 శాతం ఉండి మెమరీలో చోటుంటే గడ్డి, నీడలు తగ్గించండి. మెమరీ నిండిపోతే టెక్స్చర్స్ ఒక మెట్టు దించండి.

ఒక స్నేహితుడు కొత్త 4070 వేయించుకుని, పాత కంప్యూటర్ కన్నా నెమ్మదిగా ఉందని ఫోన్ చేశాడు. వెళ్లి చూస్తే టాస్క్ మేనేజర్‌లో 4070 వాడకం సున్నా. కంప్యూటర్ వెనక్కి వంగి చూశాను. హెచ్‌డీఎంఐ కేబుల్ కార్డు పోర్టులో లేదు, దాని పైనున్న మదర్‌బోర్డు పోర్టులో ఉంది. నాలుగంగుళాలు కిందికి మార్చాం, అంతే.

పక్కన చిన్న టచ్ మానిటర్ పెట్టుకునేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. విండోస్‌లో రెండు తెరలనూ “డూప్లికేట్” చేస్తే రెండింటికీ ఒకే రిజల్యూషన్ పడుతుంది, 1080పీ మానిటర్ వల్ల 4కే ప్రొజెక్టర్ కూడా 1080పీకి దిగొచ్చు. “ఎక్స్‌టెండ్” పెట్టి ఆటను ప్రొజెక్టర్ మీదకు పంపండి.

చివరగా కేబుల్. 4కే 60 హెర్ట్జ్‌కు హెచ్‌డీఎంఐ 2.0 స్థాయి, అంటే 18 గిగాబిట్ల కేబుల్ కావాలి. పాత 1.4 పోర్టు దగ్గర 4కే అంటే 30 హెర్ట్జే. సీలింగ్ మీది ప్రొజెక్టర్ దాకా పది మీటర్లు లాగాలంటే మామూలు రాగి కేబుల్‌ను నమ్మలేం. బొమ్మ మినుకుమనడం, ఉన్నట్టుండి నల్లబడటం మొదలవుతుంది. అంత దూరానికి ఆప్టికల్ ఫైబర్ హెచ్‌డీఎంఐ తీసుకోండి. దానికి దిశ ఉంటుంది, ఒక చివర “సోర్స్” అనీ రెండో చివర “డిస్‌ప్లే” అనీ రాసి ఉంటుంది. సీలింగ్‌లోకి లాగేముందు నేల మీద పరిచి, రెండు చివరలా తగిలించి, బొమ్మ వస్తోందో లేదో చూసుకోండి. తిరగేసి లాగేసి, బిగించిన క్లిప్పులన్నీ ఊడదీసి మళ్లీ మొదటి నుంచి లాగే పని నేను ఒకసారి చేశాను.